మల్టీకోర్, స్నేక్ కేబుళ్ళు ఎంచుకోవడం: మన సీమ సౌండ్ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో నాకు మైకు సెట్ల అద్దె వ్యాపారం ఉంది. దాని పక్కనే కేబుళ్ళు కట్టే చిన్న బెంచీ. ఆదోని, నంద్యాల, అనంతపురం, ప్రొద్దుటూరు నుంచి సౌండ్ వాళ్ళు వస్తుంటారు. ఇంట్లో ఒక గదిని రికార్డింగ్ రూముగా మార్చుకున్న కుర్రాళ్ళూ వస్తారు. రాగానే అడిగేది ఒకటే: "అన్నా, మంచి కేబుల్ ఏది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఈ చివర ఏముంది, ఆ చివర ఏముంది?" ఈ రెండో ప్రశ్నకు జవాబు లేకుండా కొన్న కేబుల్ ఎంత ఖరీదైనదైనా సరిగ్గా ప్రోగ్రాము రోజే చెయ్యిస్తుంది. అందుకే బెంచీ దగ్గర రోజూ వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

స్నేక్, మల్టీకోర్, లూమ్ అంటారు. అన్నీ ఒకటేనా?

మన దగ్గర అన్నిటినీ స్నేక్ అనేస్తాం. దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు గానీ, కొనేటప్పుడు తేడా తెలిసి ఉండాలి. మల్టీకోర్ అంటే ఒకే లావు తొడుగు లోపల ఎనిమిదో పదహారో జతల వైర్లు, ప్రతి జతకూ దాని సొంత షీల్డు, అంటే బయటి గోలను లోపలికి రానివ్వని లోహపు కప్పు. లూమ్ అంటే విడివిడి మైకు కేబుళ్ళను కలిపి కట్టిన కట్ట. మల్టీకోర్‌కు ఒక చివర ఇనుప డబ్బా ఉంటే దాన్ని స్టేజ్ బాక్స్ అంటాం. రెండో చివర విడిపోయి ఒక్కొక్క ఛానెల్‌కు ఒక్కొక్క ప్లగ్గుగా వస్తుంది, దాన్ని ఫ్యాన్ అవుట్ అంటాం. స్టూడియోలో కుదురుగా ఉండే వైరింగుకు లూమ్ బాగుంటుంది. ఒక లైను పోతే అదొక్కటి తీసి మార్చుకోవచ్చు. రోజూ చుట్టి, విప్పి, లారీ ఎక్కించే పనికి మల్టీకోరే.

16 ఛానెళ్ళు సరిపోతాయా, 24 తీసుకోవాలా?

ఈ లెక్క మిక్సర్ ముందు కాదు, స్టేజి ముందు నిలబడి వేయాలి. మన ఊళ్ళలో ఇప్పటికీ తెల్లవార్లూ ఆడే పౌరాణిక నాటకం తీసుకోండి. ముందు వరసలో పైనుంచి వేలాడే మైకులు నాలుగు, వెనక ఒకటి, హార్మోనియానికి ఒకటి, తబలాకు రెండు, తెర వెనక ఒకటి. మొత్తం తొమ్మిది. 16 ఛానెళ్ళ బాక్సు హాయిగా సరిపోతుంది. కడప దర్గా ఉరుసులో ఖవ్వాలీ అయితే ముఖ్య గాయకులకు రెండు, వంత పాడేవాళ్ళకు మూడు, హార్మోనియాలకు రెండు, తబలాకు రెండు, ఢోలక్‌కు రెండు. పదకొండు. దానికీ 16 చాలు.

ఇక పెళ్ళిలో సినిమా పాటల ఆర్కెస్ట్రా చూడండి. పాడేవాళ్ళు నలుగురు, రెండు కీబోర్డులు స్టీరియోలో నాలుగు లైన్లు, ప్యాడ్ స్టీరియో రెండు, తబలా రెండు, ఢోలక్ రెండు, డ్రమ్ కిట్‌కు ఆరు, బేసు గిటారు ఒకటి, లీడ్ గిటారు ఒకటి, ఫ్లూటు ఒకటి. ఇరవై మూడు అయింది. 24 ఛానెళ్ళ బాక్సు తెస్తే మిగిలేది ఒక్కటి. ముఖ్య అతిథి మాట్లాడటానికి మైకు, యాంకర్‌కు మైకు అని నిర్వాహకుడు వచ్చి నిలబడితే అక్కడే ఇరుక్కుపోతారు. ఇలాంటి పనులు తరచూ పట్టేవాళ్ళు 32 తీసుకోవాలి. లెక్క తేలాక దానిమీద నాలుగోవంతు అదనంగా ఉంచుకోండి. కొత్త పాయింటు కోసమే కాదు, నడి ప్రోగ్రాములో ఒక జత చస్తే మార్చుకోవడానికి కూడా.

తిరిగి వచ్చే లైన్లను చాలామంది మరిచిపోతారు. 24×4 అని రాసి ఉంటే స్టేజి నుంచి మిక్సర్‌కు 24, మిక్సర్ నుంచి స్టేజికి 4 అని అర్థం. ఆంప్లిఫైయర్లు స్టేజి పక్కన పెడితే ఎడమ స్పీకర్ బాక్సులకు ఒకటి, కుడి స్పీకర్ బాక్సులకు ఒకటి పోగా మానిటర్లకు (స్టేజి మీదివాళ్ళు తమను తాము వినే స్పీకర్లకు) రెండే మిగులుతాయి. నాలుగు మానిటర్ లైన్లు కావాలంటే 24×8 చూసుకోండి.

ఎన్ని మీటర్లు కొనాలి?

కంటికి కనిపించే దూరం కాదు, కేబుల్ నడిచే దారి కొలవండి. స్టేజి పక్కనుంచి దిగి, గోడ వెంబడి తిరిగి, జనం నడిచే చోట స్తంభాల మీదుగా ఎక్కి దిగి మిక్సర్ టేబుల్ చేరేసరికి ఇరవై మీటర్ల హాలు ముప్పై మీటర్లు అవుతుంది. ఫంక్షన్ హాళ్ళకు 30 మీటర్లు, కాలేజీ గ్రౌండుకు, తిరునాళ్ళకు 50 మీటర్లు. నా అనుభవంలో ఈ రెండు కొలతలతో దాదాపు అన్ని పనులూ గడిచిపోతాయి.

పొడవు పెరిగితే సౌండు తగ్గుతుందా అని కూడా అడుగుతారు. మంచి మైకుకు తగ్గదు. లెక్క చూడండి. మామూలు మైకు కేబుల్‌లో మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్సు (హై ఫ్రీక్వెన్సీలను మింగే గుణం) ఉంటుందనుకుందాం. 50 మీటర్లకు 5 నానోఫారడ్లు. డైనమిక్ మైకు (కరెంటు అక్కర్లేని మామూలు మైకు) ఇంపిడెన్సు, అంటే సిగ్నల్‌కు అది చూపే అడ్డు, 200 ఓములు అనుకుంటే, హై ఫ్రీక్వెన్సీలు తగ్గడం మొదలయ్యేది 1,59,000 హెర్ట్జుల దగ్గర. మనిషి చెవి 20,000 దాటి వినదు కాబట్టి ఈ నష్టం ఎవరికీ తెలియదు. అదే కేబుల్‌లోకి గిటారు పికప్‌ను నేరుగా కలిపితే? దాని ఇంపిడెన్సు 10,000 ఓములనుకున్నా కోత దాదాపు 3,200 హెర్ట్జుల దగ్గరే మొదలవుతుంది. తీగ మీద గోరు తగిలే మెరుపంతా పోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. అందుకే గిటారుకు స్టేజి మీదే డీఐ బాక్సు పెట్టాలి, అది ఇంపిడెన్సు తగ్గించి మైకు లైనులా మార్చి పంపుతుంది. కీబోర్డుకు అంత తీవ్రంగా ఉండదు గానీ, దూరం పోవాలంటే దానికీ పెట్టడమే మంచిది.

కానన్ పిన్నా, పీ38 జాకా? ఏ చివర ఏది పెట్టాలి?

మనం కానన్ అనేది ఎక్స్‌ఎల్‌ఆర్ మూడు పిన్నుల కనెక్టర్. 1వ పిన్ను షీల్డు, 2వది హాట్, 3వది కోల్డ్. ఒకే సిగ్నల్ హాట్‌లో నేరుగా, కోల్డ్‌లో తలకిందులుగా పోతుంది. దీన్నే బ్యాలన్స్‌డ్ లైను అంటాం, దారిలో చేరిన హమ్ము (గుర్రుమనే శబ్దం) అవతలి చివర కొట్టేసుకుపోతుంది. మగ పిన్నుల వైపు నుంచి సిగ్నల్ బయటికి వస్తుందని గుర్తు పెట్టుకుంటే తికమక ఉండదు. మైకు అడుగున ఉండేది మగ, మిక్సర్ మీద మైకు ఇన్‌పుట్ ఆడ. స్టేజ్ బాక్స్ మీద మైకులు పెట్టే రంధ్రాలు ఆడ, ఫ్యాన్ అవుట్ చివర మగ.

పీ38 అని కొట్లో అడిగితే ఇచ్చే మోనో జాకుకు రెండే భాగాలు, కొన, ఒళ్ళు. అది అన్‌బ్యాలన్స్‌డ్. అదే సైజులో మూడు భాగాలున్న స్టీరియో జాకు ఉంటుంది, టీఆర్‌ఎస్ అంటారు. కొన హాట్, మధ్య ఉంగరం కోల్డ్, ఒళ్ళు షీల్డు. బ్యాలన్స్‌డ్ లైను కావాల్సిన చోట మోనో జాకు పెడితే పని చేసినట్టే అనిపిస్తుంది గానీ హమ్మును కొట్టేసే గుణం పోతుంది.

ఇన్సర్ట్ కేబుల్, అంటే మిక్సర్ ఛానెల్ మధ్యలో బయటి పరికరాన్ని కలిపే కేబుల్, దాని కథ వేరు. అక్కడ స్టీరియో జాకు ఉన్నది బ్యాలన్స్ కోసం కాదు. ఒకే రంధ్రంలోంచి సిగ్నల్ బయటికి పోయి తిరిగి రావడానికి. చాలా మిక్సర్లలో కొన పోయేది, ఉంగరం వచ్చేది. కొన్నిట్లో తలకిందులుగా ఉంటుంది కాబట్టి మిక్సర్ పుస్తకం చూసే కట్టండి. కంప్రెసర్ల (సౌండు ఎగుడుదిగుళ్ళను అణిచే పరికరాల) కోసం ఎనిమిది ఛానెళ్ళ ఇన్సర్ట్ స్నేక్ అడిగే కుర్రాళ్ళకు ఒక చివర ఎనిమిది స్టీరియో జాకులు, రెండో చివర పదహారు మోనో జాకులు వస్తాయి. ఆ పదహారింటికీ "1 పోయేది, 1 వచ్చేది" అని లేబుళ్ళు లేకపోతే అది కేబుల్ కాదు, చిక్కుముడి.

డీబీ25 ఉన్న ఇంటర్‌ఫేస్ కొన్నాను. కేబుల్ ఏది తీసుకోవాలి?

ఈ ప్రశ్నకు ఎక్కువ సేపు తీసుకుంటాను. రికార్డింగ్ రూముల్లో డబ్బు వృథా అవుతున్నది ఎక్కువగా ఇక్కడే.

ఇంటర్‌ఫేస్ అంటే మైకు, లైను సిగ్నళ్ళను కంప్యూటర్‌లోకి పంపే పెట్టె. డీబీ25 అంటే పాత కంప్యూటర్ వెనక ప్రింటర్‌కు ఉండేలాంటి 25 పిన్నుల వెడల్పాటి కనెక్టర్. ఎనిమిది బ్యాలన్స్‌డ్ ఛానెళ్ళకు మూడేసి చొప్పున 24 పిన్నులు వాడుకుని, 13వ పిన్ను ఖాళీగా వదిలేస్తారు. 1993లో వచ్చిన టాస్కామ్ డీఏ-88 ఎనిమిది ట్రాకుల రికార్డర్‌తో ఈ పిన్నుల వరస స్టూడియోల్లో స్థిరపడింది. తర్వాత 2012లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ దాన్నే ఏఈఎస్59 అనే ప్రమాణంగా రాసింది. అనలాగ్‌కు ఆ వరస ఇదీ. 1వ ఛానెల్ హాట్ 24, కోల్డ్ 12, షీల్డు 25. 2వది 10, 23, 11. 3వది 21, 9, 22. 4వది 7, 20, 8. 5వది 18, 6, 19. 6వది 4, 17, 5. 7వది 15, 3, 16. 8వది 1, 14, 2. దీన్ని నా బెంచీ పైన గోడకు అంటించి పెట్టుకున్నాను. కంఠతా వచ్చినా చూసే కడతాను.

అయితే అదే 25 పిన్నుల కనెక్టర్‌లో డిజిటల్ ఏఈఎస్ సిగ్నళ్ళూ (అంకెలుగా మారిన సౌండు) పోతాయి. వాటిలో టాస్కామ్ వరస ఒకటి, యమహా వరస ఇంకొకటి. బయటికి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. ఒకసారి నేనే తొందరపడి ఆన్‌లైన్‌లో రెడీమేడ్ కేబుల్ తెప్పించాను. ఒక చివర డీబీ25, రెండో చివర ఎనిమిది కానన్‌లు. అమ్మినవాళ్ళ పేజీలో ఏ వరసో రాయలేదు, నేనూ అడగలేదు. రాత్రి పద్యాల రికార్డింగు, ఊరి నుంచి హార్మోనిస్టు వచ్చి కూర్చున్నాడు. కొన్ని ఛానెళ్ళు పలకలేదు, కొన్ని పక్క ఛానెల్‌తో కలిసిపోయి సన్నగా వినిపించాయి. గంటన్నర ఇంటర్‌ఫేస్‌నే అనుమానించాను. చివరికి కానన్‌ల వైపు చూస్తే నాలుగు ఆడ, నాలుగు మగ! అప్పుడు అర్థమైంది. అనలాగ్ కేబుల్‌లో ఎనిమిదీ ఒకే దిక్కుకు పోతాయి కాబట్టి ఎనిమిదీ ఒకే రకం ఉండాలి. నాలుగు, నాలుగు ఉన్నాయంటే పోయేవీ వచ్చేవీ కలిసిన డిజిటల్ కేబుల్. పెద్దాయన అంత దూరం నుంచి వచ్చి ఉత్తచేతులతో బస్సెక్కడం నాకు ఇప్పటికీ బాధే. ఆర్డరు పెట్టేముందు ఆ నాలుగు, నాలుగు గుర్తును చూడండి. వరస పేరు రాసివ్వని దుకాణంలో కొనకండి.

సొంతంగా కట్టుకుంటానంటే కట్టుకోండి, కానీ తీరిక ఉన్న రోజు. ఒక్కో పిన్ను వెనక బియ్యపుగింజంత గిన్నె ఉంటుంది. ముందు ఆ గిన్నెలో లెడ్ (సోల్డర్) నింపాలి, తర్వాత వైరు కొనకు లెడ్ పూయాలి, ఆ తర్వాత సోల్డరింగ్ ఐరన్ ఆనించి వైరును గిన్నెలోకి దింపి, చల్లారేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకోవాలి. కదిలిందా, ఆ అతుకు బూడిద రంగులో పొడిగా తేలుతుంది, ఆర్నెల్లలో ఊడుతుంది. ప్రతి షీల్డు వైరుకూ వేడికి ముడుచుకునే సన్నని ష్రింక్ గొట్టం ముందే తొడగండి. తొడగడం మరిచి అతికించేస్తే మళ్ళీ ఊడదీయాల్సిందే. అవతలి వరసకు వెళ్ళేముందు మొదటి వరస 13 పిన్నులనూ మల్టీమీటర్‌తో బీప్ చూసుకోండి. అంతా అయ్యాక చూద్దామంటే లోపలి పిన్నులకు చెయ్యి పోదు.

ఇంకో చిన్న విషయం. డీబీ25 పక్క స్క్రూలు రెండు రకాలు, 4-40 మరలు, ఎం3 మరలు. సరిపడకపోతే బలవంతంగా తిప్పకండి, పరికరం వైపు మర పాడవుతుంది.

డిజిటల్ ఏఈఎస్ సిగ్నల్‌ను మామూలు మైకు కేబుల్‌లో పంపొచ్చా?

రెండు మూడు మీటర్లకు నడిచిపోతుంది. దూరానికి 110 ఓముల కేబుల్ వాడండి. ఆ 110 ఓముల కేబుల్‌ను మాత్రం అనలాగ్ మైకుకు నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఆప్టికల్ కేబుల్‌లో ఎనిమిది ఛానెళ్ళు వస్తాయంటారు, నిజమేనా?

కాంతితో డిజిటల్ సౌండు పంపే ఏడాట్ ఆప్టికల్‌లో 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది వస్తాయి. 96 కిలోహెర్ట్జ్‌కు మారిస్తే నాలుగే. రూములో పరికరాలు దగ్గర దగ్గరగా ఉంటే శుభ్రమైన దారి. రాగి తీగ కలవదు కాబట్టి దాని వల్ల హమ్ము రాదు.

హమ్ము వస్తోంది. మంచి కేబుల్ వేస్తే పోతుందా?

కేబుల్ వల్ల వచ్చిన హమ్మయితే పోతుంది. ముందు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి. స్టేజి మీద ఆంప్లిఫైయర్లు ఒక కనెక్షన్ నుంచి, మిక్సర్ ఇంకో కనెక్షన్ నుంచి కరెంటు తీసుకుంటే, రెండు ఎర్తుల మధ్య మల్టీకోర్ షీల్డు వంతెనలా మారి గుర్రుమంటుంది. మిక్సర్‌కూ స్టేజికీ కరెంటు ఒకే బోర్డు నుంచి లాగండి. సగం హమ్ములు అక్కడే ఆగిపోతాయి. ఆగకపోతే తిరిగి వచ్చే లైన్లలో ఒక చివర మాత్రం షీల్డు విప్పిన చిన్న అడాప్టరు పెట్టండి. మైకు లైన్లకు ఆ పని చేయొద్దు.

పవర్ ప్లగ్గులోని ఎర్తు పిన్నును మాత్రం ఎవరు చెప్పినా విరవకండి. హమ్ము పోతుందని అలా చేసేవాళ్ళను చూశాను. వినాయక చవితి ఊరేగింపులో జనరేటర్ మీద, వాన తడిసిన స్టేజి మీద, ఎర్తు లేని ఆంప్లిఫైయర్ నుంచి కరెంటు మైకు పట్టుకున్న పిల్లవాడి చేతికి వస్తుంది. హమ్ముతో ప్రోగ్రాము జరిగినా పర్వాలేదు.

లైట్ల డిమ్మర్ వైర్ల పక్కన స్నేక్‌ను పొడవునా పరచకండి. దాటాల్సి వస్తే అడ్డంగా, కూడలిలా దాటించండి.

ఫాంటమ్ పవర్ మల్టీకోర్ గుండా పోతుందా?

పోతుంది. ఫాంటమ్ అంటే కండెన్సర్ మైకు పని చేయడానికి మిక్సర్ నుంచి మైకు కేబుల్‌లోనే పంపే కరెంటు. 48 వోల్టులు 2, 3 పిన్నుల మీద సమానంగా పోయి 1వ పిన్ను గుండా తిరిగి వస్తాయి కాబట్టి మూడు తీగలూ బాగుండాలి. డైనమిక్ మైకు పలికి కండెన్సర్ మైకు పలకకపోతే మొదట షీల్డు తెగిందేమో చూడండి. టీఆర్‌ఎస్ ప్యాచ్ బే (లైన్లను జాకులతో మార్చి కలుపుకునే పలక) గుండా ఫాంటమ్ పంపకండి. జాకు గుచ్చేటప్పుడు కొనా ఉంగరమూ వేర్వేరు క్షణాల్లో తగిలి మైకుకు దెబ్బ తగలొచ్చు, రిబ్బన్ మైకుకైతే మరీ ప్రమాదం.

ఖాళీగా ఉన్న జతలో స్పీకర్ లైను పంపొచ్చా?

వద్దు. ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ మల్టీకోర్‌లోకి ఎప్పుడూ రాకూడదు. ఆ సన్నని తీగలు అంత కరెంటు మోయలేవు. పక్క జతలోని మైకు సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది, దాన్నీ పాడు చేస్తుంది. స్పీకర్లకు లావు తీగ, స్పీకాన్ కనెక్టర్.

షీల్డు రేకుదా, అల్లికదా? రాగి మంచిదేనని ఎలా తెలుస్తుంది?

రేకు షీల్డు తీగను నూటికి నూరు శాతం కప్పుతుంది, కానీ పదేపదే చుడితే చిట్లుతుంది. గోడలో వేసి వదిలేసే స్టూడియో వైరింగుకు అది బాగుంటుంది. చుట్టి విప్పే పనికి అల్లిక గానీ, చుట్టూ తిప్పిన తీగల షీల్డు గానీ ఉన్నది చూడండి. స్టేజి మల్టీకోర్‌లలో చాలావాటికి లోపల జతజతకూ రేకు ఉంటుంది. అలాంటిది కొంటే చుట్టడంలో జాగ్రత్త రెట్టింపు.

రాగి కోసం ఒక చిన్న పరీక్ష. కేబుల్ కొన చీల్చి తీగను బ్లేడుతో గీరండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. పైన ఎరుపు, లోపల తెలుపు కనిపిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం. అది లెడ్‌ను సరిగ్గా పట్టదు, నాలుగుసార్లు వంచితే తెగుతుంది. బరువు చూసినా తెలిసిపోతుంది. మన దగ్గర కెనారే, మొగామి కేబుళ్ళు, న్యూట్రిక్, యాంఫెనాల్ కనెక్టర్లు వాడేవాళ్ళున్నారు, వాటికి వంక పెట్టను. డబ్బు సరిపోకపోతే కేబుల్ మధ్యస్థంగా తీసుకున్నా కనెక్టర్లు మంచివి పెట్టండి. నేను రిపేరు చేసే పది కేబుళ్ళలో తొమ్మిదింటికి జబ్బు చివర్లలోనే.

డిజిటల్ మిక్సర్ కొన్నాను. ఇక మల్టీకోర్ ఎందుకు?

డిజిటల్ స్టేజ్ బాక్స్ కూడా ఉంటే అవసరం లేదు. ఒక నెట్‌వర్క్ కేబుల్ ఆ పనంతా చేస్తుంది. బెహ్రింగర్ ఎక్స్32 డిజిటల్ మిక్సర్‌లో ఉండే ఏఈఎస్50 పోర్టు ఒకే తీగలో అటు 48, ఇటు 48 ఛానెళ్ళు మోస్తుంది. డాంటే (మామూలు నెట్‌వర్క్ మీద సౌండు పంపే పద్ధతి) అయితే రాగి తీగ మీద ఒక్కో లింకు 100 మీటర్ల లోపు ఉండాలి. ఇద్దరు మోసే మల్టీకోర్ బదులు ఒక చేతి చుట్ట! వయసు మీదపడుతున్న సౌండ్ వాళ్ళ నడుములకు ఇంతకంటే మేలు చేసింది ఇంకొకటి లేదు.

కానీ కంప్యూటర్ షాపులో దొరికే మామూలు ప్యాచ్ తీగ తేకండి. ఏఈఎస్50కి షీల్డు ఉన్న క్యాట్5ఈ, రెండు చివర్లా లోహపు కనెక్టర్, ఆ లోహానికి షీల్డు కలిసి ఉండాలి. అనంతపురం వైపు ఎండాకాలం పొడి గాలిలో స్టేజి కార్పెట్ మీద నడిచినవాడు స్టేజ్ బాక్స్ ముట్టుకుంటే చిటుక్కుమంటుంది కదా, ఆ స్థిర విద్యుత్తు షీల్డు లేని తీగలో క్షణంపాటు శబ్దాన్ని తెంపేస్తుంది. రెండో కేబుల్‌ను మొదటిదానితో పాటే పరచి ఉంచండి. మల్టీకోర్‌లో ఒక జత పోతే ఒక మైకు పోతుంది, ఇక్కడ తీగ పోతే స్టేజి మొత్తం మూగబోతుంది.

కేబుల్ ఎక్కువకాలం మన్నాలంటే?

మోచేతికి చుట్టకండి. ఒక చుట్టు మామూలుగా, తర్వాతిది లోపలికి తిప్పి, ఇలా మార్చి మార్చి చుట్టండి. విసిరితే మెలిక పడకుండా నేరుగా పరుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో లారీ మీద ఎండలో వదిలేస్తే పైతొడుగు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి పని జరిగే చోట ప్రోగ్రాము చేస్తే ఆ తెల్ల దుమ్ము కనెక్టర్లలో దూరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పెట్టెలో పెట్టండి. గోడౌన్‌లో ఎలుకలుంటే కేబుళ్ళను నేలమీద ఉంచకండి, మూత ఉన్న పెట్టె కావాలి.

నడి ప్రోగ్రాములో ఒక ఛానెల్ పోయింది. ఏం చేయాలి?

మొదట మైకు కేబుల్ మార్చండి. పలకకపోతే అదే మైకును స్టేజ్ బాక్స్‌లో పక్క రంధ్రానికి మార్చండి. పలికితే జత పోయింది. మిక్సర్ వైపు కూడా స్పేరు లైనుకు మార్చి ప్రోగ్రాము నడిపించండి. అక్కడే విప్పి బాగుచేయాలని కూర్చోకండి. సర్దేటప్పుడు, లారీ ఎక్కించకముందే, చెడిన ఛానెల్‌కు రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టండి. మర్నాడు బెంచీ మీదకు తెచ్చి మూడు పిన్నులూ మీటర్‌తో చూడండి, చూస్తూ కనెక్టర్ మెడ దగ్గర మెల్లగా వంచండి. బీప్ ఆగిన చోటే తెగింది. అక్కడికి రెండంగుళాలు కోసేసి కొత్తగా అతికించి, మళ్ళీ మూడు పిన్నులూ చూసుకున్నాకే ఎర్ర టేపు తీయండి.